మా నాన్న ఎవరికి వేశాడంటే

ఆ చలికాలం నేను రోజుకి రెండు వందల మందికి ఫోన్ చేసేదాన్ని. నూట యాభై మంది "వద్దమ్మా" అని పెట్టేసేవాళ్ళు. ముప్ఫై మంది తిట్టి పెట్టేసేవాళ్ళు. మిగిలిన ఆ ఇరవై మంది మాటల మీదే మర్నాడు పేపర్లూ టీవీలూ బతికేవి. "అధ్యక్షుడి పాలన మీకు తృప్తిగా ఉందా, లేదా? రేపే ఎన్నికలైతే మీ ఓటు ఎవరికి?" ఈ రెండు ప్రశ్నలూ నిద్రలో కూడా అడుగుతున్నావని నా గదిలో ఉండే అమ్మాయి నవ్వేది.

తైవాన్‌లో తైచుంగ్ అనే పట్నంలో మా సర్వే ఆఫీసు. చేరిన రోజునే సూపర్‌వైజరు షీ మేడమ్ చెప్పింది. "చెవిలో పడ్డది చెవిలోనే ఉండాలి. అవతలి గొంతు నీకు తెలిసినవాళ్ళదైతే వెంటనే పెట్టేసి నాకు చెప్పు." నేను తల ఊపాను. తల ఊపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

నాలుగేళ్ళ కిందట ఊరూవాడా ఏకమై గెలిపించిన అధ్యక్షుడు ఆ అక్టోబరుకి నూటికి ముప్ఫై ఒక్క మందికి మాత్రమే నచ్చుతున్నాడు. ఎందుకంటే, మేతలో మందు కలిపి పెంచిన విదేశీ పంది మాంసాన్ని తైవాన్‌లోకి రానిచ్చాడు. మిగతావాళ్ళకి అది పేపర్లో వార్త. మాకు అన్నం గిన్నె. మా యూన్‌లిన్ జిల్లాలో మనుషుల కంటే పందులు ఎక్కువ. మా నాన్న లియావ్ ఛింగ్-షుయ్‌కి నాలుగు వందల పందులున్నాయి. పైగా మా మండలం పందుల రైతుల సంఘానికి ఆయనే పెద్ద. అధ్యక్షుడి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు, టీవీలో కనపడితే ఛానెల్ మార్చెయ్యాలి.

అలాంటి ఇంట్లో నేను ఆ పేరు ఎత్తాను. ముప్ఫై ఏళ్ళొచ్చాయి గానీ నోటి దురద తగ్గలేదు.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. నాన్న, అమ్మ, నేను, మాతో పాటు కున్-షాన్ బాబాయి. బాబాయి మాకు చుట్టం కాదు. నాన్నకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, సంఘంలో కుడి భుజం, మా పక్క పందుల షెడ్డు ఆయనదే. రోజూ పొద్దున్న మా వాకిట్లో టీ తాగనిదే ఆయనకి తెల్లవారదు.

"ఏం ఆ-జూ, ఎంతమంది తిట్టారు ఈ వారం మన దొరగారిని?" అన్నాడు బాబాయి, ఉడికించిన పంది చెవి ముక్క నోట్లో వేసుకుంటూ.

"తిట్టినవాళ్ళందరూ ఓటు మానేస్తారని ఎవరన్నారు బాబాయీ? నేనైతే ఆయనకే వేస్తా" అన్నాను.

అమ్మ నా కాలు తొక్కింది. ఆలస్యమైపోయింది.

నాన్న చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టాడు. "ఈ పందులే నిన్ను చదివించాయి."

"తెలుసు నాన్నా. కానీ ఓటంటే పంది మాంసం ఒక్కటేనా?"

"అయితే ఓటుకి ఇంటికి రాకు" అన్నాడు. గొంతు పెంచలేదు. "బస్సు దండగ."

మా దేశంలో ఓటు మనం ఉన్నచోట ఉండదు. కుటుంబ పుస్తకంలో పేరున్న ఊళ్ళోనే వెయ్యాలి. కాబట్టి ఓటుకి రావద్దంటే ఇంటికి రావద్దనే. ఆ మాట అనే ముందు బాబాయి మొహంలోకి ఒకసారి చూశాడు నాన్న. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. బాబాయి మాత్రం పకపకా నవ్వి, "పోనీలే అన్నయ్యా, పట్నం గాలి" అన్నాడు. నేను అన్నం సగంలో వదిలేసి సాయంత్రం బస్సెక్కేశాను. దారంతా వాన. తైచుంగ్‌లో దిగేసరికి జలుబు చేసి గొంతు బొంగురుపోయింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం. తగ్గినట్టే తగ్గి జలుబు మళ్ళీ తిరగబెట్టింది. మా దగ్గర మెషీనే నంబరు వేస్తుంది, తెర మీద జిల్లా పేరు తప్ప ఏమీ కనపడదు. యూన్‌లిన్ అని వచ్చింది. పది సార్లు మోగాక ఎవరో ఎత్తారు.

"నమస్కారమండీ, ప్రజాభిప్రాయ సర్వే నుంచి మాట్లాడుతున్నాను. అయిదు నిమిషాలు..."

"అడుగమ్మా."

మేం ఇంట్లో మాట్లాడుకునేది మా భాష. ఫోన్లో నేను మాట్లాడేది బడి భాష, కాగితం చూసి చదివే గొంతు. అవతల ఆయన కూడా బడి భాషే ఎత్తుకున్నాడు, పెళ్ళికి వేసుకున్న కొత్త బూట్లతో నడిచినట్టు, ఒక్కో మాటా చూసుకుని. ఆ "అడుగమ్మా" వినగానే నాకు తెలిసిపోయింది. పెట్టెయ్యాలి. బొటనవేలు బటన్ మీదే ఉంది.

"సాధారణంగా నేను పెట్టేస్తానమ్మా ఇలాంటివి" అన్నాడు నాన్న. "మా అమ్మాయి కూడా తైచుంగ్‌లో ఈ పనే చేస్తుంది. రోజూ ఎంతమందితో తిట్లు తింటుందో ఏమో. మొన్న ఇంటికొస్తే నేనూ తిట్టి పంపించా. అందుకే పెట్టెయ్యబుద్ధి కాలేదు. నీ గొంతేంటి అలా ఉంది? జలుబా?"

"అవునండీ."

"అల్లం దంచి, నల్ల బెల్లం వేసి మరిగించి తాగు. మాత్రలు మింగకు. సరే, అడుగు."

నేను పెట్టెయ్యలేదు. నాకు అడగాలనిపించింది. మా నాన్న నన్ను పరాయిదాన్ననుకుని ఏం చెప్తాడో వినాలనిపించింది. దీనికి ఇంకో పేరు ఉంటే బాగుండును గానీ, తలుపు సందులోంచి చూడటం అంటారు దీన్ని.

"అధ్యక్షుడి పాలన మీకు..."

"చాలా అసంతృప్తి. రాసుకో, చాలా."

"రేపే ఎన్నికలైతే మీ ఓటు ఎవరికి?"

అవతల మా ఇంటి గోడ గడియారం టిక్కుటిక్కుమనడం వినిపించింది.

"పేరు ఉండదు కదమ్మా దీంట్లో?"

"ఉండదండీ. ఎవరికీ తెలియదు."

"అయితే ఆయనకే" అన్నాడు నాన్న. "ప్రెసిడెంటుకే."

ఎందుకు అనే ప్రశ్న మా కాగితంలో లేదు. నేను అడిగాను.

"పందుల విషయంలో నాకు వాడి మీద ఒళ్ళు మంట. కానీ ఆ రెండోవాడు చైనా వాళ్ళతో చేతులు కలిపేస్తానంటున్నాడు. నాకొక అన్నయ్య ఉండేవాడమ్మా. వెనకటి మిలిటరీ పాలన రోజుల్లో ఏదో పుస్తకం చదివాడని పట్టుకుపోయారు. తొమ్మిదేళ్ళకి వచ్చాడు. వచ్చాక చచ్చేదాకా నోరు విప్పి పది మాటలు మాట్లాడలేదు. పంది ధర పడితే రెండు పూటలు తింటాం. ఆ రోజులు మళ్ళీ వస్తే తినడానికి నోరు కూడా తెరవం. ఏడుస్తూనే వేస్తా, కానీ వాడికే వేస్తా." కాస్త నవ్వాడు. "మా వాళ్ళకి తెలిస్తే నన్ను పందుల దొడ్లో పడేస్తారు. ఇంట్లో కూడా చెప్పలేదు. నీకెందుకు చెప్పానో నాకే తెలీదు. అల్లం నీళ్ళు మర్చిపోకు."

పెట్టేశాడు. పెదనాన్న గురించి ఆ మాటలు నేను పుట్టాక మా ఇంట్లో ఎన్నడూ వినలేదు. కళ్ళు తుడుచుకున్నాను. నిజమే చెప్పాలి కదా, ఏడుపుతో పాటు ఇంకొకటి కూడా ఉంది నాలో. నా మాటే నెగ్గిందన్న సంతోషం. అంత సిగ్గుమాలినదాన్ని. షీ మేడమ్‌కి నేనేమీ చెప్పలేదు.

డిసెంబరులో, పాలన నచ్చకపోయినా, ఓటెవరికన్న ప్రశ్నలో అధ్యక్షుడు ముప్ఫై ఎనిమిదికి ఎక్కాడు. ఎలా ఎక్కుతున్నాడో టీవీలో పండితులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. నాకు తెలుసు ఎలాగో. ప్రతి "చాలా అసంతృప్తి" వెనకా ఒక మా నాన్న ఉన్నాడేమోనని అనిపించేది.

అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. రాజధాని తైపేలో పెద్ద ఊరేగింపు ఉంది, మర్నాడు తెల్లవారుజామున ఆరు బస్సులు బయల్దేరతాయి, భోజనం డబ్బాలు కట్టాలి, ఒక్కదాన్నే చెయ్యలేను, రా. "మీ నాన్న ఏమీ అనడు. రమ్మనమని ఆయనే అన్నాడు, నీతో చెప్పొద్దన్నాడు" అంది.

శనివారం మధ్యాహ్నానికి మా వాకిలి తిరునాళ్ళలా ఉంది. ముప్ఫై మంది మగవాళ్ళు అట్టల మీద పంది బొమ్మలు వేస్తున్నారు. తలకి పసుపు గుడ్డలు. పెద్ద డేగిసాలో సేమ్యా పులుసు ఉడుకుతోంది. నాన్న కుర్చీలో కూర్చుని బస్సుల జాబితా చదువుతున్నాడు. నన్ను చూసి, "వచ్చావా" అన్నాడు. అంతే, కానీ లేచి పక్క స్టూలు నా వైపు తోశాడు. అది చాలు కదా మనిషికి. ఆ స్టూలు మీద నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఈ కథ లేదు.

కున్-షాన్ బాబాయి రంగు డబ్బాతో వచ్చాడు. "అబ్బో, ప్రెసిడెంటు గారి ఏజెంటు వచ్చిందిరోయ్! అందరూ అట్టలు దాచుకోండి, ఫోన్ చేసి చెప్పేస్తుంది!"

అందరూ నవ్వారు.

"మన పందుల మేత తిని మన మీదే మొరుగుతోంది" అన్నాడింకెవరో.

మళ్ళీ నవ్వారు. ఈసారి నాన్న కూడా నవ్వాడు. ముప్ఫై మందిలో ఇరవై తొమ్మిది మంది నవ్వు నాకు లెక్కలోకి రాలేదు. ఆ ఒక్క నవ్వు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. నాలాగే అనుకుంటూ, నన్ను అందరితో నవ్వించి, తనూ నవ్వుతాడా?

"నాన్నా" అన్నాను, అందరికీ వినపడేలా. "నువ్వు ఎవరికి వేస్తావో వీళ్ళకి చెప్పావా?"

"ఊరుకోవే" అంది అమ్మ, ఏమీ తెలియకుండానే.

"మీ పెద్దాయన వేసేదీ ప్రెసిడెంటుకే" అన్నాను బాబాయితో. "కావాలంటే అడుగు. పంది ధర పడితే రెండు పూటలు తింటాం, ఆ రోజులు మళ్ళీ వస్తే నోరు కూడా తెరవం. ఏడుస్తూనే వేస్తాడట, కానీ వాడికే. అన్నయ్యని పట్టుకుపోయిన సంగతి కూడా చెప్పాడు. నాకే చెప్పాడు, సర్వే ఫోన్లో. నేనెవరో తెలియక."

ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. కుంచెలు ఆగిపోయాయి. డేగిసాలో పులుసు మాత్రం ఉడుకుతూనే ఉంది. ఎవరూ మంట తగ్గించలేదు.

బాబాయి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అన్నయ్యా, అబద్ధమని చెప్పు. ఒక్క మాట చెప్పు చాలు, ఈ పిల్ల సంగతి నేను చూసుకుంటా."

ఒక్క మాట. నాన్నకి అబద్ధం చేతకాక కాదు, మూడు నెలలుగా ఆ వాకిట్లో రోజూ ఆడుతూనే ఉన్నాడు. కానీ ఇప్పుడు అబద్ధమంటే నన్ను పదిమందిలో అబద్ధాలకోరుని చెయ్యాలి. ఆయన నా వైపు తిరిగాడు. అప్పుడే అన్నీ ఒకదానికొకటి అతికినట్టున్నాయి ఆయనకి, ఆ బొంగురు గొంతు, ఆ మధ్యాహ్నం, ఆ ప్రశ్న.

"జలుబు తగ్గిందా?" అన్నాడు.

తలకున్న పసుపు గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, బస్సుల జాబితా మీద పెట్టాడు. లేచి పందుల షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. మేత వేళ కాదది.

మర్నాడు ఆరు బస్సులూ ఆయన లేకుండానే వెళ్ళాయి. మేం కట్టిన డబ్బాలు ఒక్కటీ తీసుకెళ్ళలేదు. నూట ఎనభై డబ్బాలు. అమ్మ మూతలు తీసి అన్నం పందుల తొట్టిలో పోస్తూ, నా వైపు చూడకుండా అంది. "నాకు కూడా చెప్పలేదే ఆయన. నలభై ఏళ్ళ కాపురం. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లని నమ్మి చెప్పుకున్నాడు. ఆ పిల్లవి నువ్వయ్యావు."

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే షీ మేడమ్‌కి చెప్పేసి ఉద్యోగం మానేశాను. గొప్ప కోసం చెప్పట్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

సంఘానికి బాబాయి పెద్దయ్యాడు. నాన్నని ఎవరూ ఏమీ చెయ్యలేదు. షెడ్డు మీద రాళ్ళు వెయ్యలేదు, మాట అనలేదు. పొద్దున్నే టీకి రావడం మానేశారు, అంతే. నాన్న మాత్రం వాకిట్లో టీ పెట్టి, ఎప్పటిలాగే ఏడెనిమిది కప్పులు కడిగి బోర్లించేవాడు. ఒకటే తడిసేది. నేను ప్రతి వారం వెళ్ళేదాన్ని, ఆ కప్పులు చూడ్డానికే వెళ్తున్నట్టుండేది. క్షమించమని అడగబోతే, "ఆ తొట్టి కడుగు" అనో, "బస్సు వేళయింది" అనో మాట తప్పించేవాడు. ఒక్కసారైనా నాలుగు తిట్లు తిడితే నాకు కాస్త ఊపిరాడేది.

జనవరిలో పోలింగు రోజు ముగ్గురం కలిసే మా ఊరి బడికి వెళ్ళాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఓటు రోజు ఎప్పుడూ అంతే ఆయన, ఈ హక్కు లేని రోజులు చూసిన మనిషి కదా. వరసలో అందరూ మాకు ముందూ వెనకా ఒక అడుగు ఎడం వదిలి నిలబడ్డారు. నాన్న కాగితం తీసుకుని తెర వైపు నడుస్తుంటే వరసలోంచి ఎవరో అన్నారు.

"ఆ తెర ఎందుకు లియావన్నా నీకు? ఇక్కడే గుద్దెయ్. అందరికీ తెలిసిందేగా!"

గుప్పున నవ్వులు. నాన్న కూడా వెనక్కి తిరిగి కాస్త నవ్వాడు. తెర వెనకాల మామూలుగా పది క్షణాల పని. ఆయన చాలాసేపు ఉన్నాడు.

సాయంత్రం నాలుగింటికి లెక్కింపు. మా దగ్గర తలుపులు తెరిచే లెక్కపెడతారు. ఒక్కో కాగితం పైకెత్తి, పేరు అరిచి, గోడ మీద గీత గీస్తారు. ఊరంతా నిలబడి చూస్తుంది. నాన్న వెళ్ళలేదు. షెడ్డులో మేత కలుపుతున్నాడు. నేను బకెట్లు అందిస్తున్నాను. బడి మైకులోంచి పేర్లు గాలిలో తేలి వస్తున్నాయి. రెండోవాడి పేరు, రెండోవాడి పేరు, రెండోవాడి పేరు, మధ్యలో ఎక్కడో ఒకసారి అధ్యక్షుడి పేరు. ఆ పేరు వచ్చినప్పుడల్లా అక్కడ నవ్వులు వినిపించాయి.

"నాదనుకుంటున్నారు" అన్నాడు నాన్న.

నేను బకెట్ కింద పెట్టాను. రోజుకి రెండు వందల మందిని అడిగిన ప్రశ్న నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నాది కాదు" అన్నాడు. చేతుల్లో తవుడు చూసుకుంటూ చెప్పాడు. "రెండోవాడికి గుద్దాను. లోపలికెళ్ళి నిలబడితే వీపు మీద ఊరంతా కూర్చున్నట్టుంది. ముద్ర పైకెత్తాను. ఇందాకటి నుంచీ వింటున్నావుగా, ప్రతిసారీ అరుస్తారు, ప్రతిసారీ నవ్వుతారు. వాళ్ళు నవ్వే కాగితం నాది కాదని నాకైనా తెలిస్తే చాలనిపించింది. చెయ్యి అటు పోయింది." తవుడు దులుపుకున్నాడు. "మా అన్నయ్యకి మొహం ఎలా చూపిస్తానో."

పెదనాన్న పోయి పాతికేళ్ళు. బాబాయి ఇంటికి పరిగెత్తి, నాన్న వేసింది మీవాడికే, మీరనుకున్నట్టు కాదు అని చెప్పేస్తే ఈ గొడవంతా తీరిపోతుందని తోచింది. మళ్ళీ ఆయన గుట్టు పట్టుకుని ఆయన్ని బాగుచెయ్యాలని! నా మీద నాకే అసహ్యం వేసి, బకెట్ ఎత్తుకున్నాను.

చీకటి పడే వేళకి టీవీలో తేలిపోయింది. అధ్యక్షుడు గెలిచాడు. కొద్దిలోనే, కానీ గెలిచాడు. అమ్మ టీవీ కట్టేసింది.

వాకిలి ముందు స్కూటర్ ఆగింది. కున్-షాన్ బాబాయి. తాగి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడు నెలలు బస్సులెక్కి అరిచిన మనిషి, ఓడిపోయి వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు పట్టుకుని నిలబడి అరిచాడు.

"లియావన్నా! గెలిచాడయ్యా నీ వాడు! నీ ఓటు పుణ్యమే! ఇంకేం, సంబరం చేసుకో!"

నాన్న చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. చెప్పెయ్ నాన్నా, నీ స్నేహితుడు నీకు తిరిగొస్తాడు అనుకున్నాను.

"అవునురా" అన్నాడు నాన్న. "నేనే వేశాను. ఏడుస్తూనే వేశాను."

బాబాయి గేటు వదిలి, స్కూటర్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నాన్న గేటు గడియ వేసి, మెట్ల మీద కూర్చున్న నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. తను వెయ్యని ఓటుకి ఊళ్ళో మాటలన్నీ ఆయన మరో పదకొండేళ్ళు, బతికినంత కాలం, పడ్డాడు. అది ఆయన వెయ్యలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వెయ్యనివ్వందీ నేనే.